చూపు ఒక నరానిది, నొప్పి మరో నరానిది

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో కంటికి సంబంధించినవి సాధారణంగా చూపు మందగించడం గురించో, కళ్ళజోడు గురించో, శుక్లాల గురించో ఉంటాయి. ఈసారి మాత్రం కంటి నొప్పి, మంట, స్పర్శ గురించి అడిగినవారు ఎక్కువగా ఉన్నారు. వేరువేరుగా కనిపించే ఆ ప్రశ్నలన్నీ చివరికి ఒకే నరం దగ్గరకు చేరుతున్నాయి కాబట్టి, వాటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారూ, కంట్లో కనిపించీ కనిపించనంత నలుసు పడినా ప్రాణం పోయినంత పని అవుతుంది. అదే నలుసు చేతి మీద పడితే పడినట్టే తెలియదు. కంటి నుంచి మెదడుకు వెళ్ళే నరమే ఈ నొప్పిని కూడా మోసుకెళ్తుందా? నలుసు తీసేసిన తరువాత కూడా చాలాసేపు గుచ్చుకుంటున్నట్టే ఎందుకు ఉంటుంది?

జవాబు: కంటి నుంచి మెదడుకు వెళ్ళే నరం అనగానే అందరికీ గుర్తుకు వచ్చేది దృష్టి నరం. రెండవ కపాల నరమైన అది రెటీనా నుంచి బయలుదేరి వెలుతురుకు సంబంధించిన సమాచారాన్ని మాత్రమే మోస్తుంది. నొప్పితో, స్పర్శతో, చలితో, వేడితో దానికి ప్రమేయం లేదు. వాటిని మోసేది ఐదవ కపాల నరమైన ట్రైజెమినల్ నరం. ముఖానికంతటికీ స్పర్శజ్ఞానాన్నిచ్చే ఈ నరం మూడు పాయలుగా చీలి, కింది పాయ కింది దవడకు, నడిమి పాయ చెంపకు, పై దవడకు, పై పాయ కంటికి, నుదుటికి చేరుతాయి. ఈ పై పాయనే ఆఫ్తాల్మిక్ నరం అంటారు. మూడింటిలో చిన్నది ఇదే. కింది పాయలో నమిలే కండరాలను కదిలించే తంతువులు కూడా ఉంటాయి గాని, ఆఫ్తాల్మిక్ నరం పూర్తిగా జ్ఞాన నరం. అది ఏ కండరాన్నీ కదిలించదు. కనుగుడ్డును తిప్పే పని మూడు, నాలుగు, ఆరు కపాల నరాలది. దృష్టి నరం పూర్తిగా దెబ్బతిని చూపు పోయిన కన్ను కూడా భరించలేనంతగా నొప్పి పెట్టడం వైద్యులు చూస్తూనే ఉంటారు. ఈ రెండు నరాలూ వేరని తెలిస్తే అందులో వింత ఏమీ కనిపించదు.

ఇక నలుసు సంగతి. నల్లగుడ్డుకు ముందున్న పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. అది అడ్డంగా సుమారు 11.5 మిల్లీమీటర్లు ఉంటుంది, మధ్యభాగంలో దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. ఇంత చిన్న పొరలో నరాల కొసలు చర్మంతో పోలిస్తే కొన్ని వందల రెట్లు దట్టంగా ఉంటాయని లెక్క కట్టారు. ఆఫ్తాల్మిక్ నరపు తంతువులు కార్నియా అంచు చుట్టూ నలువైపుల నుంచీ లోపలికి ప్రవేశించి, మొదటి ఒక మిల్లీమీటరు దాటేలోపే తమ చుట్టూ ఉండే మైలిన్ అనే కొవ్వు తొడుగును వదిలేస్తాయి. ఆ తొడుగు అలాగే ఉంటే వెలుతురు చెదిరి చూపు మసకబారేది. కార్నియాలో రక్తనాళాలు లేకపోవడానికి ఉన్న ప్రయోజనం కూడా ఇదే. తొడుగు విడిచిన తంతువులు పై పొర కింద సన్నని వలగా అల్లుకుని, అక్కడి నుంచి కణాల సందుల్లోకి ఎక్కి, ఉపరితలానికి అతి చేరువ దాకా వస్తాయి. చర్మానికి పైన గట్టిపడిన మృతకణాల పొర రక్షణగా ఉంటుంది. కార్నియాకు ఉన్నది పలుచటి కన్నీటి పొర మాత్రమే. అందువల్ల నలుసు దాదాపు నేరుగా నరాల కొసల మీదనే పడుతుందని చెప్పవచ్చు.

నలుసు చాలాసార్లు పైరెప్ప లోపలి వైపున అతుక్కుని ఉండి, రెప్ప వేసిన ప్రతిసారీ కార్నియాను గీస్తుంది. అది పోయిన తరువాత మిగిలేది ఆ గీత. పై పొర చెరిగినచోట నరాల కొసలు బయటపడి ఉంటాయి కనుక, లేని నలుసు ఇంకా ఉన్నట్టు మెదడుకు కబురు అందుతూనే ఉంటుంది. చిన్న గీత అయితే ఒకటి రెండు రోజుల్లో మానుతుంది. ఈలోగా కన్ను నలపకండి, శుభ్రమైన నీటితో కడగండి. ఇనుము కోస్తున్నప్పుడో, సుత్తితో కొడుతున్నప్పుడో ఎగిరిన రవ్వ అయితే మాత్రం కడిగి ఊరుకోకుండా కంటి వైద్యునికి చూపించాలి.

ప్రశ్న: నేను నర్సింగ్ విద్యార్థినిని. ఆఫ్తాల్మిక్ నరం శాఖలను ఎన్నిసార్లు చదివినా పరీక్షలో తికమక పడుతున్నాను. గుర్తుండే విధంగా చెప్పగలరా?

జవాబు: పేర్లను బట్టీ పట్టకుండా దారిని పట్టుకోమ్మా, పేర్లు వాటంతటవే గుర్తుంటాయి.

ట్రైజెమినల్ నరం మెదడు కాండంలోని పాన్స్ పక్క నుంచి బయలుదేరి, కపాలం అడుగున మెకెల్ గుహ అనే చిన్న సంచిలో ఉన్న నాడీకణ సముదాయాన్ని చేరుతుంది. గాసేరియన్ గాంగ్లియాన్ అని దానికి పేరు. వియన్నాలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించిన గాసర్ పేరును ఆయన శిష్యుడు 1765లో దానికి పెట్టాడు. పాఠ్యపుస్తకాలు నరాన్ని మెదడు నుంచి బయటికి వర్ణించినా, జ్ఞాన నరంలో కబురు నడిచేది బయటి నుంచి లోపలికి అన్నది మరచిపోకూడదు. కంటి నుంచి, నుదుటి నుంచి వచ్చే తంతువులలో చాలావాటి కణాలు ఈ గాంగ్లియాన్‌లోనే కాపురముంటాయి. సర్పి గురించిన ప్రశ్నకు చేరినప్పుడు ఈ మాట పనికి వస్తుంది.

గాంగ్లియాన్ నుంచి ముందుకు వచ్చే ఆఫ్తాల్మిక్ నరం పిట్యూటరీ గ్రంథికి పక్కనున్న కావర్నస్ సైనస్ అనే సిరల మడుగు బయటి గోడలో నడుస్తుంది. అదే గోడలో దీనికి పైన మూడవ, నాలుగవ నరాలు, మడుగు లోపల అంతర కెరోటిడ్ ధమని, దానిని ఆనుకుని ఆరవ నరం ఉంటాయి. ఈ ఇరుగుపొరుగును గుర్తుపెట్టుకుంటే, అక్కడ రక్తం గడ్డకట్టినా, చీము చేరినా, గడ్డ పెరిగినా రోగికి ఒకేసారి రెప్ప వాలిపోయి, కన్ను కదలక, నుదురు మొద్దుబారడానికి కారణం మీరే చెప్పగలరు. తరువాత నరం కనుగూడు వెనుకనున్న పై చీలిక గుండా లోపలికి రాబోతూ, సరిగ్గా గుమ్మం దగ్గరే మూడుగా చీలుతుంది. కనుగూడు పైకప్పు వెంట నడిచేది ఫ్రాంటల్ నరం, బయటి అంచు వెంట వెళ్ళేది లాక్రిమల్ నరం, ముక్కు వైపు గోడకు వెళ్ళేది నేసోసీలియరీ నరం.

ఫ్రాంటల్ నరం మూడింటిలోకీ లావైనది. అది పైకప్పు కింద రెండుగా విడిపోయి, సుప్రాఆర్బిటల్, సుప్రాట్రాక్లియర్ శాఖలుగా నుదుటి మీదికి ఎక్కుతుంది. మీ కనుబొమ కింద ఎముక అంచు మీద వేలికొనను ముక్కు వైపు నుంచి బయటికి మెల్లగా జరపండి. మూడోవంతు దూరం దాటాక చిన్న నొక్కు తగులుతుంది. దాన్ని గట్టిగా నొక్కితే నుదుటి మీదికి పాకే ఒక మొద్దు నొప్పి తెలుస్తుంది. సుప్రాఆర్బిటల్ శాఖ బయటికి వచ్చే చోటు అది. కొందరిలో నొక్కుకు బదులు మూసుకున్న రంధ్రం ఉంటుంది కనుక వేలికి తగలకపోవచ్చు. పైరెప్ప, నుదురు, నడినెత్తి దాటే వరకు తలచర్మం ఈ రెండు శాఖల ఏలుబడిలో ఉన్నవే. నుదుటి గాయానికి కుట్లు వేసేముందు మత్తుసూది ఇక్కడ ఇవ్వడానికి కారణం అదే.

లాక్రిమల్ నరం సన్ననిది. కన్నీటి గ్రంథికి, పైరెప్ప బయటి కొసకు స్పర్శను ఇస్తుంది. పరీక్షలో తప్పులు జరిగేది ఇక్కడే. కన్నీటి గ్రంథిని స్రవింపజేసే తంతువులు ఈ నరానివి కావు; అవి ఏడవదైన ముఖ నరానివి. అవి టెరిగోపాలటైన్ గాంగ్లియాన్‌లో ఆగి, నడిమి పాయ శాఖను పట్టుకుని వచ్చి, చివరి మజిలీలో బండి మారిన ప్రయాణికునిలా లాక్రిమల్ నరంలోకి ఎక్కుతాయి.

కనుగుడ్డుకు అసలైన నరం నేసోసీలియరీ. మిగిలిన రెండూ కంటి కండరాలు పుట్టే స్నాయువు వలయానికి వెలుపలి నుంచి వస్తే, ఇది మాత్రం ఆ వలయం లోపలి నుంచి వచ్చి, దృష్టి నరం మీదుగా దాటి ముక్కు వైపుకు తిరుగుతుంది. దారిలో రెండు మూడు పొడవైన సీలియరీ నరాలను కనుగుడ్డు వెనుక భాగంలోకి పంపుతుంది. సీలియరీ గాంగ్లియాన్ గుండా పొట్టి సీలియరీ నరాలకు కూడా స్పర్శ తంతువులను అందిస్తుంది. కార్నియా, కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర అయిన ఐరిస్, దాని వెనుకనున్న సీలియరీ దేహం నొప్పి అంతా ఈ మార్గాన పోవలసిందే. మిగిలిన శాఖల్లో ముందు ఎత్మాయిడల్ శాఖ దారి చాలా వంకర. కనుగూడు నుంచి కపాలం లోపలికి వెళ్ళి, అక్కడి నుంచి జల్లెడ ఎముక గుండా ముక్కులోకి దిగి, ముక్కు ఎముకకూ మృదులాస్థికీ మధ్య నుంచి బయటపడి, ముక్కు కొన చర్మంలో అంతమవుతుంది. ఇంత చుట్టుదారి ఎందుకు గుర్తుపెట్టుకోవాలని విసుక్కోకండి, తరువాతి ఉత్తరం చదవండి.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్ళు. మూడు రోజుల పాటు ఎడమ నుదురు, ఆ వైపు తల మండిపోతున్నాయని, దువ్వెన కూడా తగలనివ్వలేదు. తరువాత అక్కడ నీటి పొక్కులు లేచాయి. డాక్టరు గారు సర్పి అని మందులు రాసి, ముక్కు కొన మీద ఉన్న రెండు పొక్కులను చూసి, కంటికి ఏమీ కాకపోయినా ఆ రోజే కంటి వైద్యుని దగ్గరకు వెళ్ళమన్నారు. ముక్కుకూ కంటికీ సంబంధం ఏమిటి?

జవాబు: ముక్కు కొనకూ కార్నియాకూ స్పర్శను ఇచ్చేది ఒకే నేసోసీలియరీ నరం. ఆ నరంలో వైరస్ ఉన్నట్టు ముక్కు కొన మీది పొక్కు తెలియజేస్తుంది. అదే నరపు మరో కొస కంట్లో ఉంది. లండన్ వైద్యుడు జొనాథన్ హచిన్సన్ 1860లలో ఈ సంబంధాన్ని గుర్తించి రాసినందువల్ల దీనికి హచిన్సన్ గుర్తు అనే పేరు నిలిచింది. మీ డాక్టరు గారు చేసింది సరైన పని. అయితే ముక్కు మీద పొక్కు లేనంత మాత్రాన కంటికి భయం లేదని అనుకోకూడదు. నుదుటి మీద, రెప్ప మీద సర్పి లేచిన ప్రతి ఒక్కరికీ కంటి పరీక్ష అవసరమన్నది నా అభిప్రాయం.

చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ తగ్గిపోయినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. ఇంతకుముందు చెప్పిన గాంగ్లియాన్ వంటి నాడీకణ సముదాయాలలో దశాబ్దాల తరబడి నిద్రాణంగా ఉండి, వయసు వల్లనో, జబ్బుల వల్లనో, రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల వల్లనో అవకాశం దొరికినప్పుడు మేలుకుని నరం వెంట చర్మానికి దిగుతుంది. ముందు వాచేది నరం, పొక్కులు లేచేది తరువాత. మీ నాన్నగారికి మూడు రోజులు చర్మం మీద ఏమీ కనిపించకుండానే మండిపోవడం అందువల్లనే. పొక్కులు నడినుదుటి గీత దగ్గర గిరి గీసినట్టు ఆగిపోవడం కూడా గమనించే ఉంటారు. కుడి నరం కుడివైపునకే, ఎడమ నరం ఎడమవైపునకే పరిమితం కనుక ఆ హద్దు ఏర్పడుతుంది. సర్పి వచ్చినవారిలో సుమారు 10 నుంచి 20 శాతం మందికి ఈ ఆఫ్తాల్మిక్ నరం పరిధిలోనే వస్తుంది.

ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్ వంటి మందులు పొక్కులు కనిపించిన 72 గంటల లోపు మొదలైతే మేలు ఎక్కువ. ఆ గడువు దాటినా కంటికి సోకినప్పుడు, కొత్త పొక్కులు వస్తున్నప్పుడు వైద్యులు మందు ఇస్తారు. కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా మళ్ళీ వెళ్ళడంలో ఆలస్యం చేయకండి. కార్నియా, ఐరిస్ వాయడం, కంటి ఒత్తిడి పెరగడం కొన్ని వారాల తరువాత కూడా జరగవచ్చు. రెప్పల దగ్గర సొంతంగా ఏ పూతమందూ రాయకండి. పొక్కులు చెక్కుకట్టే వరకు ఆటలమ్మ రాని గర్భిణులను, పసిపిల్లలను ఆయనకు దూరంగా ఉంచండి. వారికి సోకితే వచ్చేది సర్పి కాదు, ఆటలమ్మ. కొందరికి పొక్కులు మానిన తరువాత కూడా నెలల తరబడి ఆ చోట మంట మిగిలిపోతుంది. దానికి మామూలు నొప్పిబిళ్ళలు అంతగా పనిచేయవు, నరాల నొప్పికి వాడే ప్రత్యేకమైన మందులు ఉన్నాయి. 50 ఏళ్ళు దాటినవారికి సర్పి రాకుండా టీకా ఉంది. ఇంట్లోని మిగతా పెద్దవారి విషయంలో మీ వైద్యునితో మాట్లాడండి.

ప్రశ్న: ఉల్లిపాయ తరిగితే కంట్లో నీళ్ళెందుకు? వాసన వల్లనా?

జవాబు: వాసన వల్ల కాదు. ఉల్లిపాయ కణాలు తెగినప్పుడు వాటిలోని ఎంజైములు ఒక గంధక పదార్థాన్ని ఆవిరిగా మారుస్తాయి. ఆ ఆవిరి కన్నీటి పొరలో కరిగి కార్నియా నరాల కొసలను రెచ్చగొడుతుంది, మెదడు కాండం ముఖ నరం ద్వారా కన్నీటి గ్రంథిని పనిలోకి దింపుతుంది. పదునైన కత్తితో కోస్తే నలిగే కణాలు తక్కువ, ఏడుపూ తక్కువ.

ప్రశ్న: ఐదేళ్ళ కిందట మా అమ్మ కుడి కంటికి హెర్పిస్ సోకి తగ్గింది. ఇప్పుడు ఆ కన్ను కాస్త ఎర్రగా, చూపు మసకగా ఉంది గాని నొప్పి ఏమాత్రం లేదంటోంది. కంటి డాక్టరు గారు దూది కొసతో ఏదో పరీక్ష చేసి, కంటికి స్పర్శ పోయిందని, పుండు పడిందని, రోజూ వచ్చి చూపించుకోవాలని గట్టిగా హెచ్చరించారు. నొప్పే లేనప్పుడు అంత తొందర ఎందుకు?

జవాబు: నొప్పి లేకపోవడమే ఆ తొందరకు కారణం. కార్నియా మీద పుండు పడితే మనిషి కన్ను తెరవలేనంత బాధ పడాలి. మీ అమ్మగారు మామూలుగా కూర్చుని మాట్లాడగలుగుతున్నారంటే ఆ కంటికి కాపలా లేదని అర్థం.

ఆ దూది పరీక్ష చూడడానికి చాలా చిన్నది, చెప్పే సంగతులు మాత్రం పెద్దవి. రోగిని ఎదురుగా ఎటో చూడమని, దూదిని సన్నని కొసగా మెలిపెట్టి, కంటికి కనబడకుండా పక్క నుంచి తెచ్చి, తెల్లగుడ్డును కాక కార్నియా అంచును తాకిస్తారు. దూది కనబడితే భయంతోనే రెప్ప పడుతుంది, అప్పుడు పరీక్షకు విలువ ఉండదు. స్పర్శ ఉంటే ఆ కబురు నేసోసీలియరీ నరం గుండా మెదడు కాండానికి చేరి, అక్కడి నుంచి రెండు వైపుల ముఖ నరాలకూ ఆజ్ఞ వెళ్ళి, రెండు కళ్ళూ ఒకేసారి మూసుకుంటాయి. ఇది మన ఇష్టంతో నిమిత్తం లేని అసంకల్పిత ప్రతీకార చర్య. కుడి కంటిని తాకినప్పుడు రెండు రెప్పలూ కదలకపోతే లోపం కుడి ఆఫ్తాల్మిక్ నరంలో ఉండవచ్చు. ఎడమ రెప్ప మూసుకుని కుడిది మాత్రం మూసుకోకపోతే కబురు చేరిందన్నమాట. చెడింది కుడి ముఖ నరం. సమాచారం మోసే నరంలో లోపమా, ఆజ్ఞ మోసే నరంలో లోపమా అన్నది ఏ యంత్రమూ లేకుండా దూదిపోగు తేల్చేస్తుంది. స్పర్శ ఎంత తగ్గిందో కొలవాలంటే పొడవు మార్చగలిగే సన్నని నైలాన్ దారం ఉన్న పరికరం వాడతారు.

స్పర్శ పోయిన కార్నియాకు మూడు విధాల నష్టం. ఏదైనా తగిలినప్పుడు రెప్ప పడదు, కాబట్టి చిన్న చిన్న గీతలు తెలియకుండానే పడుతుంటాయి. రెండవది కన్నీరు. కార్నియాలో చలిని పసిగట్టే నరాల కొసలు కొన్ని ఉన్నాయి. కన్నీటి పొర ఆవిరవుతూ కంటి ఉపరితలం కొద్దిగా చల్లబడినప్పుడల్లా అవి కబురు పంపడం వల్ల, మనకు తెలియకుండానే కన్నీరు ఊరుతూ, రెప్పలు పడుతూ ఉంటాయి. ఆ కబురు ఆగిపోతే కన్ను ఎండుతుంది, ఎండినట్టు మనిషికి తెలియదు. మూడవది చాలామందికి తెలియనిది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. జ్ఞాన నరం కబుర్లు మోసి ఊరుకోదు. దాని కొసల నుంచి విడుదలయ్యే పదార్థాలు కార్నియా పై పొర కణాలను పోషిస్తాయి. వారం పది రోజులకొకసారి పూర్తిగా కొత్తదయ్యే ఆ పొర, నరం లేనప్పుడు తనను తాను బాగుచేసుకోలేక చెదిరిపోతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త మజాండీ 1824లోనే జంతువులలో ట్రైజెమినల్ నరాన్ని కోసి, ఆ తరువాత కార్నియా పుండుబారడాన్ని చూశాడు.

ఈ జబ్బును న్యూరోట్రోఫిక్ కెరటైటిస్ అంటారు. మొదట కార్నియా మెరుపు తగ్గుతుంది, తరువాత పై పొర ఊడి గుండ్రటి అంచులున్న పుండుగా నిలిచిపోతుంది, పట్టించుకోకపోతే పుండు లోతుకు దిగి రంధ్రం పడే వరకు వెళ్ళవచ్చు. మానినా కంట్లో పువ్వు మిగిలి చూపును అడ్డుకోవచ్చు. హెర్పిస్, సర్పి దీనికి ముఖ్యమైన కారణాలు. దీర్ఘకాలపు మధుమేహం, రసాయనాలు పడి కాలిన గాయాలు, మెదడులో ట్రైజెమినల్ నరాన్ని నొక్కే గడ్డలు, వాటికి చేసిన శస్త్రచికిత్సలు కూడా కారణం కావచ్చు.

వైద్యం ఓపికతో కూడినది. నిల్వ రసాయనాలు లేని కన్నీటి చుక్కలు, సూక్ష్మజీవులు సోకకుండా మందు, రక్షణగా కట్టు లెన్సు, రోగి రక్తం నుంచే తయారుచేసే సీరం చుక్కలు అవసరాన్ని బట్టి వాడతారు. రెప్పలను కొంతమేర కలిపి కుట్టి కంటిని కప్పి ఉంచడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ కళ్ళను కాపాడుతున్న పద్ధతి. డాక్టరు గారు ఆ మాట ఎత్తితే కంగారు పడకండి, కుట్లు తరువాత విప్పవచ్చు. నరాల ఎదుగుదలకు తోడ్పడే ఎన్‌జీఎఫ్ అనే ప్రొటీన్‌ను చుక్కల రూపంలో తయారు చేసిన సెనెగెర్మిన్ అనే మందుకు యూరప్‌లో 2017లో, అమెరికాలో 2018లో అనుమతి లభించింది. ఆ ప్రొటీన్‌పై చేసిన కృషికే రీటా లెవీ మోంటాల్చినీ 1986లో స్టాన్లీ కోహెన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. నుదుటి మీది ఆరోగ్యమైన నరాన్ని, అవసరమైతే కాలి నుంచి తీసిన నరపు ముక్కతో పొడిగించి, కార్నియా అంచుకు చేర్చే శస్త్రచికిత్స కూడా కొన్ని పెద్ద కేంద్రాలలో జరుగుతోంది. స్పర్శ తిరిగి రావడానికి నెలలు పడుతుంది.

ఇంట్లో మీరు చేయవలసింది ఒకటుంది. రోజూ ఉదయం మంచి వెలుతురులో అమ్మగారి కంటిని చూడండి. ఎరుపు పెరిగినా, నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ కనిపించినా, ఆ కంటితో చూపు ముందు రోజుకన్నా తగ్గినా, అదే రోజు వైద్యునికి చూపించండి. "నొప్పి ఎలా ఉంది" అని ఆవిడను అడిగి నిర్ణయించకండి.

ప్రశ్న: కంట్లో ఇనుప రవ్వ తీసేటప్పుడు వేసిన చుక్కలతో క్షణంలో నొప్పి మాయమైంది. ఆ మందు పేరు చెబితే అవసరానికి ఇంట్లో ఉంచుకుంటాను.

జవాబు: చెప్పను, మన్నించండి. ఆ చుక్కలు నరాల కొసలలో కబురును పుట్టనివ్వకుండా ఆపుతాయి. 1884లో వియన్నాలో యువ వైద్యుడు కార్ల్ కోలర్ కొకైన్ ద్రావణంతో కంటిని మొద్దుబార్చవచ్చని కనిపెట్టినప్పటి నుంచి కంటి శస్త్రచికిత్స రూపమే మారిపోయింది. అయితే పరీక్ష కోసం, శస్త్రచికిత్స కోసం కొద్దిసేపు వాడడానికే అవి. రోజుకు నాలుగైదుసార్లు వేసుకుంటూ పోతే పై ఉత్తరంలోని అమ్మగారి కన్ను లాంటి దాన్ని మనమే తయారు చేసుకున్నట్టు అవుతుంది. పై పొర మానదు, పుండు లోతుకు దిగుతుంది, నొప్పి లేదు కనుక మనిషి ధైర్యంగా ఇంకో చుక్క వేసుకుంటాడు. అలా కళ్ళు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

ప్రశ్న: నాలుగు నెలల కిందట లేసిక్ చేయించుకున్నాను. చూపు బాగుంది గాని కళ్ళు ఎండిపోయినట్టు ఉంటున్నాయి. ఇది శాశ్వతమా?

జవాబు: కళ్ళజోడు అవసరం తగ్గించడానికి లేజర్‌తో చేసే లేసిక్‌లో కార్నియా పై భాగాన్ని పలుచని మూతలా కోసి తెరుస్తారు. మూత అతికి ఉన్న చిన్న భాగంలో తప్ప మిగిలినచోట్ల లోపలికి వెళ్ళే నరపు తంతువులు ఆ కోతలో తెగుతాయి. దాంతో స్పర్శ తగ్గి, కన్నీరు ఊరమనే కబురు బలహీనపడుతుంది. తంతువులు మళ్ళీ పెరుగుతాయి; చాలామందిలో ఆరు నెలల నుంచి ఏడాది లోపు స్పర్శ చాలావరకు తిరిగి వస్తుంది. అంతవరకు వైద్యులు రాసిన కన్నీటి చుక్కలు మానకండి, తెర ముందు పనిచేసేటప్పుడు రెప్ప వేయడం మరవకండి. కొద్దిమందిలో మాత్రం పొడిదనం ఎక్కువ కాలం ఉంటుంది. ఏడాది దాటినా తగ్గకపోతే, లేదా మంట రోజురోజుకూ పెరుగుతుంటే మళ్ళీ పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: కంటి వెనుక నుంచి పొడిచినట్టు తలనొప్పి వస్తోంది. అద్దాలు రెండుసార్లు మార్చినా తగ్గలేదు. కంటి వైద్యులు కన్ను బాగానే ఉందంటున్నారు. మరి నొప్పి కంట్లో ఎందుకు ఉంది?

జవాబు: నొప్పి కంట్లో తెలుస్తోంది గాని కంట్లోనే పుట్టిందని చెప్పలేము. ఆఫ్తాల్మిక్ నరం కంటితో పాటు మెదడును కప్పి ఉంచే డ్యూరా పొరలో చాలా భాగానికి, నుదుటి ఎముకలోని గాలి గది అయిన నుదుటి సైనస్‌కు, ముక్కు పక్కనుండే ఎత్మాయిడ్ సైనస్‌లకు కూడా జ్ఞాన నరం. పార్శ్వపు నొప్పిలో ఆ పొరలోని రక్తనాళాల చుట్టూ ఉన్న కొసలు రెచ్చిపోయినా, సైనస్ వాచినా, ఆ కబురు నడిచేది ఒకే నరంలో కనుక మెదడు దాన్ని కంటికి అంటగడుతుంది. మెడ నొప్పి కూడా కంట్లో తెలియవచ్చు. ట్రైజెమినల్ నరపు నొప్పి తంతువులు మెదడు కాండంలోంచి మెడ భాగంలోని వెన్నుపాము వరకు దిగి, పై మెడ నరాల తంతువులు చేరే చోటనే ముగుస్తాయి. అందువల్ల మీ విషయంలో ఇంకో కళ్ళజోడు కన్నా నరాల వైద్యుని సలహా ఎక్కువ ఉపయోగపడుతుందని నాకు తోస్తోంది.

ఆలస్యం చేయకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఎర్రబడిన కంటితో, దీపాల చుట్టూ రంగుల వలయాలతో, వాంతులతో హఠాత్తుగా వచ్చే నొప్పి కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిన నీటికాసులది కావచ్చు. కన్ను కదిలించినప్పుడు నొప్పి, దానితో పాటు చూపు తగ్గడం దృష్టి నరం వాపును సూచిస్తాయి; దృష్టి నరానికి నొప్పి తెలియకపోయినా దాని తొడుగుకు తెలుస్తుంది, ఆ తొడుగు కూడా ఆఫ్తాల్మిక్ నరం పరిధిలోదే. రెప్ప వాలడం, ఒకటి రెండుగా కనిపించడం, 50 ఏళ్ళు దాటినవారిలో కణత ముట్టుకుంటే నొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. దీనికి రెండో వైపు కూడా చూడండి. రెటీనాలో నొప్పిని తెలిపే నరాలు లేవు. మధుమేహం రెటీనాను దెబ్బతీసినా, రెటీనా ఊడినా, మెల్లగా పెరిగే నీటికాసులు దృష్టి నరాన్ని తినేస్తున్నా మనిషికి నొప్పి ఉండదు. మధుమేహం ఉన్నవారిని ఏటా కంటి పరీక్షకు రమ్మని పోరుపెట్టడం ఇందుకే.

ప్రశ్న: మా ఆరేళ్ళ బాబుకు మెల్లకన్ను శస్త్రచికిత్స జరుగుతుండగా గుండె వేగం కాసేపు బాగా తగ్గిందని చెప్పారు. వాడి గుండెకు జబ్బు ఉందేమోనని నిద్ర పట్టడం లేదు.

జవాబు: కంటి కండరాన్ని లాగినప్పుడు, కనుగుడ్డును నొక్కినప్పుడు ఆ కబురు ఆఫ్తాల్మిక్ నరం గుండా మెదడు కాండానికి చేరి, అక్కడి నుంచి వేగస్ నరం ద్వారా గుండెను నెమ్మదింపజేస్తుంది. 1908లో ఆష్నర్, దాన్యీనీ అనే ఇద్దరు వైద్యులు వేరువేరుగా వర్ణించిన ఈ ప్రతీకార చర్య పిల్లల మెల్లకన్ను శస్త్రచికిత్సలో తరచుగా కనిపించేదే. మత్తు వైద్యులు దానికి సిద్ధంగానే ఉంటారు. కండరాన్ని వదిలితే చాలాసార్లు గుండె దానంతటదే సర్దుకుంటుంది, లేకపోతే గుండె వేగాన్ని పెంచే అట్రోపిన్ మందు ఇస్తారు. ఈ ఒక్క సంఘటన వల్ల బాబుకు గుండె జబ్బు ఉందని అనుకోనవసరం లేదు. అయితే వాడికి ఎప్పుడైనా మళ్ళీ కంటి శస్త్రచికిత్స అవసరమైతే, ఈసారి జరిగింది మత్తు వైద్యునికి ముందుగానే చెప్పండి. డిశ్చార్జి కాగితాన్ని జాగ్రత్తగా దాచి ఉంచండి.